ఐస్ డాన్స్ జోడీ కోసం ఓబర్స్‌డార్ఫ్ దాకా: నా ట్రయౌట్ అనుభవం

ఐస్ డాన్స్ అంటే ఒక అమ్మాయీ ఒక అబ్బాయీ జంటగా మంచు మీద స్కేట్లతో చేసే నాట్యం. 2024 ఫిబ్రవరి 6న ఆ ఆటలో నాకు జోడీ కావాలని పేరు నమోదు చేసుకున్నాను. అక్టోబర్ 15 నుంచి 17 వరకు జర్మనీలోని ఓబర్స్‌డార్ఫ్‌లో ఒక జర్మన్ అబ్బాయితో ట్రయౌట్, అంటే జోడీ కుదురుతుందో లేదో కలిసి స్కేట్ చేసి చూసుకోవడం, జరిగింది. నవంబర్ 7న జవాబు వచ్చింది. ఈ తొమ్మిది నెలల్లో మంచు మీద ఆ అబ్బాయి చెయ్యి పట్టుకుని స్కేట్ చేసింది ఐదు గంటలు కూడా లేదు. మిగిలినదంతా ఎదురుచూపు, కాగితాలు, డబ్బు లెక్కలు. బెంగళూరు నుంచి ఈ దారి పట్టాలనుకునే అమ్మాయిలు ఒకరిద్దరైనా ఉంటారనీ, నాకు ఎవరూ ముందుగా చెప్పని సంగతులు వాళ్లకు తెలిస్తే కొంత ఖర్చూ కొంత కన్నీరూ తప్పుతాయనీ జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది హిందూపురం. నాన్నగారి ఉద్యోగం వల్ల నా మూడో ఏటి నుంచి బెంగళూరు రామమూర్తి నగర్‌లోనే ఉంటున్నాం. ఈ ఊళ్లో చక్రాల స్కేటింగ్ నేర్పేవాళ్లకు కొదవ లేదు కనుక రెండో తరగతిలో అందరు పిల్లల్లాగే నేనూ సిమెంటు రింక్ మీదికి దిగాను. స్పీడ్ వైపు వెళ్లకుండా ఆర్టిస్టిక్ వైపు, అందులోనూ కపుల్ డాన్స్ వైపు వెళ్లడానికి మా సర్ చూపించిన ఒక వీడియో కారణం. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో మెరిల్ డేవిస్, చార్లీ వైట్ అనే అమెరికా జంట హిందీ సినిమా పాటలకు మంచు మీద మన నాట్యం చేసి, చివరకు రజతం గెలుచుకున్నారు. ఆ చేతి ముద్రలు చూసి, కూచిపూడి నేర్చుకుంటున్న నేను నవ్వాపుకోలేకపోయాను గానీ వాళ్ల కాళ్ల మీది నుంచి మాత్రం చూపు తిప్పుకోలేకపోయాను. చక్రాల మీద నాకు నాలుగేళ్లు జోడీగా ఉన్న అబ్బాయి 2021 జూన్‌లో ఇంజనీరింగ్ కోచింగ్ కోసం హైదరాబాద్ వెళ్లిపోయాడు. వాడిని తప్పు పట్టడానికేమీ లేదు. కానీ ఇద్దరు చేసే ఆటలో ఒకరు వెళ్లిపోతే రెండో మనిషి ఆట కూడా ఆ రోజే ఆగిపోతుందని అప్పుడే తెలిసింది.

మంచు మీద మొదటిసారి నిలబడింది 2022 మేలో, గురుగ్రామ్‌లోని ఒక మాల్‌లో. చక్రాల స్కేట్‌కి ముందు రబ్బరు స్టాపర్ ఉంటుంది, ఆగాలంటే దాన్ని నేలకు రాస్తాం. మంచు బ్లేడుకి అదే చోట పళ్లుంటాయి. పదేళ్ల అలవాటుకొద్దీ మొదటి అయిదు నిమిషాల్లోనే కాలి వేలి కొసను నేలకు ఆనించబోయి మోకాళ్ల మీద బోర్లా పడ్డాను. ఆ తర్వాత రెండేళ్లలో తొమ్మిది సార్లు, సారికి ఎనిమిది నుంచి పన్నెండు రోజుల చొప్పున వెళ్లివచ్చాను. మధ్య నెలల్లో, మంచు బ్లేడు లాగా నడుమ కాస్త ఉబ్బెత్తుగా ఉండేట్టు చక్రాలు అమర్చిన ఇన్‌లైన్ ఫ్రేమును బూటుకి బిగించుకుని మా రింక్‌లోనే సాధన చేసేదాన్ని. వాన పడితే అదీ లేదు. దేశంలో ప్రామాణికమైన కొలతలతో, అంటే 60 మీటర్ల పొడవూ 30 మీటర్ల వెడల్పుతో, డెహ్రాడూన్‌లో 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టిన రింక్ ఒకటి ఉంది గానీ నేను నేర్చుకున్న కాలమంతా అది మూతపడే ఉంది. ఈ సంగతికి ఎంత ధర కట్టవలసి వస్తుందో ట్రయౌట్ మొదటి రోజుదాకా నాకు తెలియలేదు.

జోడీల కోసం వెతుక్కునే స్కేటర్లు వివరాలు పెట్టుకునే చోట్లు ఇంటర్నెట్‌లో ఉంటాయి. ఎత్తు, బరువు, వయసు, పౌరసత్వం, ఇప్పటిదాకా చేసిన పోటీలు, ఖర్చు ఎంత భరించగలరు, ఊరు మారడానికి సిద్ధమేనా అన్న ప్రశ్నలన్నీ చదివి వినిపిస్తే మా అమ్మమ్మ, “కులగోత్రాలు ఒక్కటే అడగలేదన్నమాట,” అంది. బరువు గడి దగ్గర మాత్రం నాకు నవ్వు రాలేదు. 158 సెంటీమీటర్లు, 51 కిలోలు అని రాసి, 51 చెరిపి 50 వేసి, మళ్లీ 51 వేశాను. ఊరు మారడం గురించి “చర్చించి చెప్తాను” అని రాశాను. మూడు నెలల్లో మూడే మూడు జవాబులు వచ్చాయి. మొదటివారికి నా ఎత్తు చాలలేదు. రెండోవారు అబ్బాయి శిక్షణ ఖర్చులో సగం మేము పెట్టుకోవాలన్నారు. ఇది వింత కాదనీ, అబ్బాయిలు తక్కువ, అమ్మాయిలు ఎక్కువ ఉన్న ఆటలో చాలాచోట్ల ఇదే పద్ధతనీ తర్వాత తెలిసింది. మూడోది ఏప్రిల్ 28న వచ్చింది. అబ్బాయి జర్మన్, ఇరవై రెండేళ్లు, 176 సెంటీమీటర్లు. వాళ్ల కోచ్ రెండు వీడియోలు అడిగారు. ఒకదానిలో సంగీతం లేకుండా ఒంటి కాలి మీద బ్లేడు లోపలి అంచు, వెలుపలి అంచు మార్చుకుంటూ వెళ్లాలి. రెండోదానిలో, అడుగులు ముందే నిర్ణయించి ఉండే యూరోపియన్ వాల్ట్జ్ అనే నాట్యంలో అమ్మాయి అడుగులు ఒంటరిగా వేసి చూపించాలి. పోటీలో చేసిన ప్రదర్శన వీడియో పంపబోతే వద్దన్నారు. అంచులు ఎంత లోతుగా పడుతున్నాయో, అంటే బ్లేడు ఎంత పక్కకు వాలుతోందో, చూస్తే వాళ్లకు చాలునట.

జూన్ 9న పిలుపు వచ్చింది, సెప్టెంబర్ 10 నుంచి 12 వరకు అని. క్లబ్ నుంచి ఆహ్వాన పత్రం జూలై 4న అందింది. వీసా దరఖాస్తు ఫారంలో ప్రయాణ కారణం దగ్గర “క్రీడలు” అన్న గడి ఉంటే ధీమాగా టిక్కు పెట్టాను. వీసా కేంద్రంలో అపాయింట్‌మెంట్ కోసం చూస్తే సెప్టెంబర్ 12కి ముందు ఖాళీ కనిపించలేదు. రోజూ తెల్లవారుజామున ఐదింటికి లేచి ఎవరైనా రద్దు చేసుకున్నారేమోనని వెతికాం, దొరకలేదు. ట్రయౌట్ ముగియవలసిన రోజున నేను బెంగళూరులోనే వేలిముద్రలు ఇస్తూ కూర్చున్నాను. కౌంటర్‌లో ఆవిడ “పోటీ పేరేమిటి?” అని అడిగింది. పోటీ కాదు, జోడీ కుదురుతుందో లేదో చూసుకోవడానికి వెళ్తున్నాం అని చెప్పేసరికి కలం పక్కన పెట్టి నా ముఖమూ నాన్నగారి ముఖమూ మార్చి మార్చి చూసింది. ఆహ్వాన పత్రంలో ఆ వివరం ఉండటం వల్ల బయటపడ్డాం. రోజువారీ ప్రణాళికను కోచ్ సంతకంతో ప్రత్యేకంగా రాయించుకోమని నా సలహా. రుసుము జూన్ 11 నుంచే 80 యూరోల నుంచి 90 అయింది. పాస్‌పోర్టులు సెప్టెంబర్ 30న, అంటే పద్దెనిమిది రోజులకు, తిరిగి వచ్చాయి. అప్పటికి వాళ్లు తేదీలు అక్టోబర్ 15కి జరిపారు. ఆ మధ్యలో, అక్టోబర్ మొదటి వారంలో, ఇంకో అమ్మాయిని కూడా చూస్తున్నామని దాచకుండా చెప్పారు.

ఆయుధపూజ నాడు అమ్మ స్కూటరుకీ, కుట్టు మిషనుకీ, నాన్నగారి పనిముట్ల పెట్టెకీ బొట్టు పెట్టినట్టే నా బూట్లు తిరగేసి బ్లేళ్లకు పసుపు కుంకుమలు పెట్టింది. దసరా మర్నాడు, 13న, నేనూ నాన్నగారూ బయలుదేరాం. స్కేట్లను చేతి సంచిలో పెట్టుకోవద్దు. బ్లేడు అన్న మాట వినగానే భద్రతా తనిఖీలో ఏమవుతుందో చెప్పలేం కనుక చెక్-ఇన్ పెట్టెలో, గుడ్డ తొడుగులు వేసి సర్దాను. (నడిచేటప్పుడు వాడే ప్లాస్టిక్ తొడుగులు వేసి సర్దితే లోపల తేమ నిలిచి తుప్పు పడుతుంది.) మ్యూనిక్ నుంచి రైల్లో రెండున్నర గంటలు. కిటికీలోంచి ఆల్ప్స్ కొండలు కనిపిస్తున్నా నేను చూసింది తక్కువ. ఆ ముందువారం ట్రయౌట్‌కి వచ్చిన అమ్మాయి ఎంత పొడవుందో అన్నదే ధ్యాస.

మొదటి రోజు ఉదయం ఎనిమిదింటికి మంచు మీదికి అడుగుపెట్టాను. అవతలి గోడ ఎంత దూరంగా ఉందంటే, ముందు అది రెండో రింక్ గోడేమో అనుకున్నాను. కోచ్ యూరోపియన్ వాల్ట్జ్ ఒంటరిగా చేయమన్నారు. నా అడుగుల వరుస పూర్తయ్యేసరికి రింక్‌లో దాదాపు మూడోవంతు ఇంకా ముందుంది. గురుగ్రామ్‌లోని చిన్న రింక్‌లో గోడకు గుద్దుకోకుండా ఒక్కొక్క వంపునూ కుదించి కుదించి నేర్చుకున్న కాళ్లు, జాగా దొరికినా సాగలేదు. కోచ్ కోప్పడలేదు. “నీ రింక్ ఎంత ఉంటుంది?” అని మాత్రం అడిగి ఏదో రాసుకున్నారు. ఆ రాసుకోవడం చూసి, కోప్పడితే కలిగేదానికంటే ఎక్కువ భయం వేసింది.

ఆ తర్వాత అబ్బాయి వచ్చి చెయ్యి చాపాడు. పక్కపక్కన చేతులు పట్టుకుని రెండు చుట్లు తిరిగాం, బాగానే సాగింది. మోకాలి వంపు ఇద్దరిదీ ఒకేలా ఉందని కోచ్ అన్నారు. ఎదురెదురుగా నిలబడే వాల్ట్జ్ పట్టులోకి రాగానే అసలు కష్టం మొదలైంది. అందులో అబ్బాయి కుడి చెయ్యి నా వీపు మీద భుజం ఎముక దగ్గర ఉంటుంది, ఒకరి మోకాలు రెండోవారి కాళ్ల మధ్యకు వచ్చిపోతుంటుంది. మూడో మలుపులో నా బ్లేడు వెనక కొస అతని బ్లేడును తగులుకుని ఇద్దరం పడ్డాం. లేచి మళ్లీ చేస్తే మళ్లీ తగిలింది. కోచ్ నా కాలు పైకెత్తమని, బ్లేడు చూసి, తల పట్టుకున్నారు. గెంతులు వేసే సింగిల్స్ స్కేటర్ల బ్లేడుకి మడమ వెనక తోక పొడవుగా ఉంటుంది. ఐస్ డాన్స్ బ్లేడుకి ఆ తోక కురచగా ఉంటుంది, సరిగ్గా ఇలా తగులుకోకుండా ఉండటానికే. నేను రెండేళ్ల కిందట 38,000 రూపాయలు పోసి, విదేశం నుంచి తెప్పించుకున్నవి పొడవు తోకవి. ఒంటరిగా సాధన చేసినన్నాళ్లూ ఎవరి కాలికీ తగలలేదు కనుక తేడా తెలియలేదు.

మధ్యాహ్నం సెషన్ రద్దు చేసి బ్లేడు పని చేసే ఆయన దగ్గరకు పంపారు. ఒక స్కేటర్ అమ్మేయమని ఇచ్చి వెళ్లిన డాన్స్ బ్లేళ్లు నా బూటు కొలతకు సరిపోయేవి ఆయన దగ్గర ఉన్నాయి. 180 యూరోలు, బిగించి సాన పట్టడానికి మరో 25. ఆయన నా పాత బ్లేడు మరలు విప్పుతుంటే వాటి గాళ్లలోంచీ, బూటు అట్టకూ బ్లేడు పలకకూ మధ్య సందులోంచీ ఎర్రటి పొడి రాలింది. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఆ పొడిని వేళ్ల మధ్య నలిపి, ఇంత తుప్పు పట్టేదాకా ఎందుకు ఉంచావన్నట్టు నా వైపు చూశాడు. వేలికి తడి తగలగానే అది కుంకుమ రంగుకు తిరిగింది. నాన్నగారు తనకు వచ్చిన ఇంగ్లీషులో, మా దేశంలో ఏడాదికొకసారి పనిముట్లకు దణ్ణం పెట్టుకుంటాం, ఇది ఆ బొట్టు అని చెప్పారు. ఆయన కాసేపు ఆలోచించి, ఆ మరలను తుడవకుండా అలాగే కొత్త బ్లేళ్లకు బిగించాడు. ముందు అటూ ఇటూ జరపడానికి వీలుండే పొడవాటి రంధ్రాల్లోనే కొన్ని మరలు వేసి, స్కేట్ చేసి కాలు ఏ పక్కకు లాగుతోందో చూసుకుని వచ్చాక మిగిలినవి వేశాడు. బెంగళూరులో ఈ పని తెలిసినవాళ్లు నాకు దొరకలేదు. సైకిల్ మీద కత్తులకు సాన పట్టేవాడు వీధిలోకి వచ్చినప్పుడల్లా అమ్మమ్మ నన్ను కేకేసేది గానీ, రెండు అంచుల మధ్య సన్నని గాడి తవ్వవలసిన బ్లేడును అతని చేతికిస్తే ఇక కూరగాయలే తరుక్కోవాలి.

రెండో రోజు కొత్త బ్లేళ్ల మీద కుదురుకోవడానికే గంట పట్టింది. కానీ ఈ మొత్తం తొమ్మిది నెలల్లో నేను దాచుకోదలచిన అరగంట ఆ రోజు మధ్యాహ్నం దొరికింది. యూరోపియన్ వాల్ట్జ్ నిమిషానికి 135 దెబ్బల వేగంతో సాగుతుంది. ఎవరు ఎలా లెక్కపెట్టినా నాకు అది తిశ్రమే. అబ్బాయి తన భాషలో ఒకటి రెండు మూడు అనుకుంటుంటే నేను నోట్లో తకిట, తకిట అనుకుంటూ వెళ్తున్నాను. అతను ఆగి, ఏమిటది అని అడిగాడు. చెప్పాను. మూడు అక్షరాల్లో మొదటిదాని మీద బరువు పడుతుంది, ఆ బరువు మీదే మోకాలు వంగాలి అని చెయ్యి తట్టి చూపించాను. తర్వాతి చుట్టులో అతని నోటి నుంచి కూడా తకిట వినిపించింది. “ట” దగ్గర నాలుక మడతపడలేదు గానీ మోకాలు మాత్రం సరిగ్గా నా మోకాలితోనే వంగింది. గోడ పక్కన దుప్పటి కప్పుకుని కూర్చున్న నాన్నగారు ఆ చుట్టు అయ్యాక ఒక్కసారి లేచి నిలబడ్డారు. ఆయనకు ఐస్ డాన్స్‌లో ఏమీ తెలియదు. తాళం తెలుసు.

మూడో రోజు పొద్దున ఒక చిన్న లిఫ్ట్ చేయించారు. ఐస్ డాన్స్‌లో ఎత్తే మనిషి తన తలకు పైన చేతులు పూర్తిగా చాచి జోడీని అలా నిలిపి ఉంచకూడదు, మామూలు లిఫ్ట్ ఏడు సెకన్లు దాటకూడదు. బయలుదేరేముందు వీడియోలు చూసి అమ్మమ్మ అడిగింది ఒక్కటే: “ఆ పిల్లాడు వదిలేస్తే?” వదలలేదు. రెండుసార్లు దింపేటప్పుడు నా వల్లే తడబాటు జరిగింది. భయంతో బిగుసుకుపోతే యాభై ఒక్క కిలోలు అరవై అవుతాయని కోచ్ అన్నారు. ఫారంలో ఆ అంకె దగ్గర అంతసేపు తచ్చాడినందుకు లోలోపల నవ్వుకున్నాను.

సాయంత్రం అందరం కూర్చున్నాం. జోడీ కుదిరితే ఏ దేశం తరఫున ఆడాలి? అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య పోటీల్లో ఇద్దరిలో ఒకరు ఆ దేశ పౌరులైతే సరిపోతుంది. ఒలింపిక్స్‌లో మాత్రం ఇద్దరూ పౌరులై ఉండాలి. జర్మనీ 2024 జూన్ 27 నుంచి రెండు పౌరసత్వాలు ఉంచుకోనిస్తోంది, భారతదేశం ఉంచుకోనివ్వదు. అంటే అతను భారతీయుడు కావాలన్నా, నేను జర్మన్‌ని కావాలన్నా, ఎవరో ఒకరు తమ పాస్‌పోర్టును వదులుకోక తప్పదు. విదేశీ పౌరులైన భారతీయ మూలాలవారికి మన దేశం ఇచ్చే ఓసీఐ కార్డుతో కుదరదా అని నాన్నగారు అడిగారు. ఆ కార్డు పౌరసత్వం కాదు. అమెరికాలో పుట్టి 2019లో భారత పౌరసత్వం తీసుకుని మన తరఫున ఆడుతున్న తారా ప్రసాద్ పేరు నేను ఎత్తాను. ఆమె ఒంటరిగా ఆడుతుంది కనుక నిర్ణయం ఆమెదే, ఇక్కడ ఇద్దరిది అన్నారు కోచ్. పైగా నాకిచ్చిన షెంగెన్ వీసా, అంటే జర్మనీతో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా, మీద 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండలేను. రోజూ కలిసి సాధన చేయవలసిన ఆట అది. అబ్బాయి తల్లి అన్నీ ఓపిగ్గా విని, టీ పోస్తూ, ముందువారం వచ్చిన అమ్మాయి ఇల్లు అక్కడికి కారులో నలభై నిమిషాలని మామూలుగానే చెప్పింది. నాన్నగారు నా వైపు చూడలేదు.

పది రోజుల్లో చెప్తామన్నారు. ఇరవై ఒక్క రోజులు పట్టింది. ఆ రోజుల్లో ఫోన్ మోగితే అందుకోవడానికీ, మోగకపోతే చూడటానికీ రెంటికీ భయపడ్డాను. నవంబర్ 7న, దీపావళి వెళ్లిన వారానికి, వచ్చిన ఉత్తరం మర్యాదగా ఉంది. తాళజ్ఞానం, మోకాలి పని చాలా బాగున్నాయన్నారు. పెద్ద మంచు మీద కనీసం ఆరు నెలలు సాధన చేస్తే తప్ప వేగం, అంచుల లోతు రావన్నారు. అబ్బాయి ఆ దగ్గరి ఊరి అమ్మాయితో కొనసాగుతున్నాడు. వీసా మొదట అనుకున్న సెప్టెంబర్ తేదీలకే దొరికి ఆమె కంటే ముందు నేను వెళ్లి ఉంటే ఏమయ్యేదో అని కొన్నాళ్లు కుమిలిపోయాను. కురచ తోక బ్లేళ్లతో వెళ్లి ఉంటే పోయిన ఆ పూట మిగిలేది కదా అని ఇంకొన్నాళ్లు. ఈ రెండో విచారమే న్యాయమైనదని ఇప్పుడు అనిపిస్తోంది, ఎందుకంటే అది నా చేతిలోనే ఉండింది.

ఖర్చు దాచకుండా చెప్తాను. ఇద్దరి విమాన టిక్కెట్లు 1,42,000, వీసాలూ సేవా రుసుమూ 21,000, బీమా 4,000, గది 34,000, రింక్‌కీ కోచ్‌కీ మా వంతు 28,000, బ్లేళ్ల పని 18,700, రైలూ తిండీ 26,000. మొత్తం 2,73,700 రూపాయలు. అమ్మ తన చీటీ పాడుకుని లక్ష ఇచ్చింది. జవాబు వచ్చిన రాత్రి ఆ డబ్బు మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, ఎత్తి ఉంటే కొంచెం తేలికగా ఉండేది.

పాత బ్లేళ్లను గురుగ్రామ్‌లో సింగిల్స్ చేసే ఒక చిన్నమ్మాయికి 15,000కి అమ్మేశాను. నమోదు పేజీలో “చర్చించి చెప్తాను” అన్నదాన్ని తీసేసి, నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని, “సిద్ధం” అని మార్చాను. నవంబర్ 30న ఇంకొక కోచ్ నుంచి విచారణ వచ్చింది. ఎత్తు ఎంత, ఎక్కడ సాధన చేస్తున్నావు అని రెండే ప్రశ్నలు. జవాబులో ఎత్తుతో పాటు మా రింక్ పొడవు వెడల్పులూ, బ్లేడు తోక కురచదేనన్న సంగతీ, వీసా అపాయింట్‌మెంట్‌కి ఎన్ని వారాలు పడుతుందో అదీ, అడగకుండానే రాసి పంపాను.